మాజీ రాష్ట్రపతికి పనేముంటుంది? మైక్ సెట్ పక్కన నిలబడి నేను చూసింది

"రాష్ట్రపతిగా చేసి దిగిపోయాక వాళ్లు చేసేదేముంది, జీవితాంతం బంగళా, పెన్షన్ దండగ కదా" అని ఒకరు నన్ను అడిగారు. డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, దాని మీద నాకు పెద్ద ఆసక్తి లేదు కాబట్టి. జీతంలో సగం పెన్షన్. 2018లో జీతం నెలకు 5 లక్షలు చేశారు, అంటే పెన్షన్ 2.5 లక్షలు. అద్దె లేని ఇల్లు, సిబ్బంది, వైద్యం, ప్రయాణాలు అదనం. మన వైజాగ్‌లో ఎవరో ఒక పెద్దమనిషి వస్తున్నాడని సిరిపురం నుంచి మద్దిలపాలెం దాకా బళ్లు ఆపేస్తారే, అక్కడ తగలబడే పెట్రోలు ముందు ఇదో లెక్కా?

నా మాట ఒక్కటే. రాష్ట్రపతి పదవిలో ఉన్నంతకాలం మనకు దొరకడు. పార్లమెంటులో చదివే ప్రసంగం కూడా ప్రభుత్వం రాసిచ్చిందే. దిగాకే ఆ మనిషి నోరు ఆయనదవుతుంది. అప్పుడు ఎవరి దగ్గరకు వెళ్తాడు, ఎవరి మాట వింటాడు అన్నదే చూడాలి.

మా చిన్నాన్నది డాబాగార్డెన్స్‌లో మైక్ సెట్ షాపు. చదువుకునే రోజుల్లో నేనూ కేబుళ్లు మోసేవాణ్ణి. 2006 ఫిబ్రవరిలో కలాం గారు రాష్ట్రపతి హోదాలో నేవీ ఫ్లీట్ రివ్యూకి, అంటే యుద్ధనౌకల పరిశీలనకి వచ్చారు, మర్నాడు సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్రం లోపలికి కూడా వెళ్లారు. ఊరంతా అదే ముచ్చట. మాకు కనబడింది మాత్రం బారికేడ్లు, పోలీసుల వీపులు.

పదవి దిగాక ఆయన మళ్లీ ఇటు వచ్చినప్పుడు ఒక కాలేజీ వాళ్లు మీటింగ్ పెట్టారు. పేరు చెప్పను. మైక్ మాదే. ఎండలో పిల్లల్ని పొద్దున్నే తెచ్చి కూర్చోబెట్టారు. వెనక వరసలు నింపడానికి దగ్గర్లోని సర్కారు బడి పిల్లల్ని లారీల్లో తెచ్చారు. ఇక స్టేజీ మీద సన్మానాలు మొదలయ్యాయి చూడండి, శాలువా, దండ, మెమెంటో, మళ్లీ శాలువా, కాలేజీ పెద్దాయన, ఆయన బావమరిది, ఏ పార్టీయో తెలియని ఒక లీడరు, ఒక్కొక్కరు మైక్ పట్టుకుంటే వదలరు, అందరూ చెప్పేది కలాం గారి జీవిత చరిత్రే, అదీ కలాం గారికే! మా చిన్నాన్న యాంప్లిఫైయర్ పక్కన తల పట్టుకుని "ఏటిరా ఈళ్లు, ఆ పెద్దాయన్ని మాట్లాడనిస్తారా లేదా" అని గొణుగుతున్నాడు.

ఎట్టకేలకు ఆయన లేచారు. ఒక్కో వాక్యం చెప్పి పిల్లల చేత అనిపించడం ఆయనకు అలవాటు కదా, అప్పటిదాకా నిద్రపోతున్న షామియానా ఒక్కసారి లేచింది. తరవాత ప్రశ్నలు. పిల్లలకోసం రెండు కార్డ్‌లెస్ మైకులు పెట్టాం, కానీ ఎవరు ఏం అడగాలో కాలేజీ వాళ్లు ముందే చీటీలు రాసి ఇచ్చారు. రెండో మైకు నా చేతిలో ఉంది. వెనక వరసలో సర్కారు బడి పిల్ల ఒకతి చెయ్యి ఎత్తి దించడం లేదు. వెళ్లి ఇచ్చాను. "సార్, మీరు ఇప్పుడు రాష్ట్రపతి కాదు కదండీ, మరి ఇప్పుడు మీరేం పని చేస్తున్నారు?" అంది తెలుగులో, గుక్క తిప్పుకోకుండా. ముందు వరసలో పెద్దలు కిసుక్కున నవ్వారు. దాన్ని ఇంగ్లిష్‌లో ఆయనకు చెప్పేవాడే లేడు. ఒక వాలంటీరు పరుగున వచ్చి ఆ పిల్ల చేతిలోంచి మైకు లాక్కుని చీటీ ఉన్న అబ్బాయికి ఇచ్చాడు. వాడు కలాం గారు కలగన్న 2020 నాటి భారతదేశం గురించి బట్టీ పట్టింది అప్పజెప్పాడు. ఆ రోజంతటికీ అడగాల్సిన ప్రశ్న ఆ పిల్లదొక్కటే అని నేను ఇప్పటికీ అంటాను. అన్నట్టు మాకు రావాల్సిన బాకీ కూడా ఆ కాలేజీ వాళ్లు నెలల తరబడి తిప్పి తిప్పి ఇచ్చారు, అది వేరే కథ.

నన్ను మొదట అడిగిందీ అదే ప్రశ్న. కలాం గారి వరకు జవాబు తేలిక: పాఠాలు చెప్పారు. అన్నా యూనివర్సిటీ, అహ్మదాబాద్, ఇండోర్, షిల్లాంగ్ ఐఐఎంలు. 2015 జులై 27న షిల్లాంగ్‌లో పాఠం మొదలుపెట్టిన కాసేపటికే స్టేజీ మీద కుప్పకూలారు, 83 ఏళ్ల వయసులో. ఆ రోజు గౌహతి నుంచి వెళ్తూ, ముందు జీపులో తుపాకీ పట్టుకుని నిలబడ్డ జవాను గురించే ఆరాటపడ్డారట, అతన్ని కూర్చోమనండి అని. దిగాక పిలిపించి థాంక్స్ చెప్పారని వెంట ఉన్న సహాయకుడు రాశాడు. అలాగని అన్నిట్లో ఆయనతో ఏకీభవిస్తానని కాదు. 2011లో తమిళనాడులోని కూడంకుళం వెళ్లి అణు ప్లాంటుతో భయం లేదని చెప్పారు, నాకు నచ్చలేదు. ఇక్కడ శ్రీకాకుళం పక్క, అణు ప్లాంటుకి ఎంపిక చేసిన కొవ్వాడ వాళ్ల భయం దగ్గర్నుంచి చూసినవాణ్ణి, భయం పోవాలంటే సైంటిస్టు మాట చాలదు. అయినా అది ఆయన సొంత మాట, ఎవరో రాసిచ్చింది కాదు.

కాంగ్రెస్ నుంచి వచ్చిన ప్రణబ్ ముఖర్జీ 2018లో నాగపూర్‌లో ఆరెస్సెస్ సభకు వెళ్లారు. సొంత కూతురే వద్దంది. వెళ్లి అక్కడే నెహ్రూ పేరు తీసి, బహుళత్వం గురించి చెప్పొచ్చారు. అదీ మాజీ చెయ్యాల్సిన పని. కోవింద్ గారి విషయంలోనే నాకు గుర్రు. 2023లో జమిలి ఎన్నికల (లోక్‌సభకు, అసెంబ్లీలకు ఒకేసారి ఎన్నికలు) కమిటీకి ఛైర్మన్ అయ్యి, మరుసటి ఏడాది మార్చిలో 18,626 పేజీల రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టు మంచిదా చెడ్డదా అన్నది కాదు, దేశంలో అందరికంటే పైన కూర్చుని దిగిన మనిషి మళ్లీ ప్రభుత్వం అప్పజెప్పిన పనికి ఎందుకు ఒప్పుకోవాలి?

మన నీలం సంజీవరెడ్డి గారిని చూడండి, 1982లో దిగి అనంతపురం వెళ్లిపోయారు, పొలం చూసుకున్నారు. వెళ్లేముందు వీడ్కోలు ప్రసంగంలో మాత్రం వరసగా వచ్చిన ప్రభుత్వాలు పేదల బతుకు బాగు చెయ్యలేదని మొహమాటం లేకుండా అనేసి మరీ వెళ్లారు. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీ, రాష్ట్రపతి పదవి అయ్యాక మాత్రం మద్రాసు ఇంటికి చేరారు. మన వైజాగ్ వాల్తేరుకి వచ్చుంటే ఎంత బాగుండేదో. మనకు దక్కలేదు.

2027 జులైకి ద్రౌపది ముర్ము గారి పదవీకాలం అయిపోతుంది. రాజకీయాల్లోకి రాకముందు ఆవిడ ఒడిశా రాయరంగ్‌పూర్‌లో టీచరు. ఢిల్లీ బంగళాలో ఉండిపోతారో ఊరెళ్తారో ఆవిడ ఇష్టం. ఎప్పుడైనా మన పాడేరు మన్యం వైపు గిరిజన ఆశ్రమ పాఠశాలకు వస్తానంటే మాత్రం మైక్ సెట్ ఖర్చు నాది, చీటీలు లేకుండా పిల్లల్ని అడగనిస్తామని ఒప్పుకుంటేనే.