పెరటి ప్రశ్నలు: కుండీలో అవిసె

ప్రశ్న: కిరాణా కొట్టులో కొన్న అవిసె గింజలు మిద్దె మీద కుండీలో రెండుసార్లు వేశాను. మొదటిసారి ఒక్కటీ మొలవలేదు. రెండోసారి రాత్రంతా నానబెడితే బంకలా ముద్దకట్టాయి. మొలిచిన నాలుగూ వారంలోనే పడిపోయాయి. ఎక్కడ పొరపాటు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొట్టులో అమ్మేవాటిలో వేయించినవీ ఉంటాయి, అవి మొలవవు. ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. వారంలో పదిహేనైనా మొలకెత్తితే ఆ పొట్లం పనికొస్తుంది. విత్తడానికి మాత్రం నానబెట్టొద్దు. తడి తగలగానే గింజ పైపొర జిగురు వదులుతుంది. పొడి గింజల్ని గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, సెంటీమీటరు మందాన మట్టి కప్పండి.

ఇది చలికాలపు పైరు. ఉత్తరాదిన అక్టోబరు, నవంబరుల్లో విత్తుతారు. మనకేమో అవి ఈశాన్య రుతుపవనాల రోజులు, కుండీ చిత్తడవుతుంది. వాన జోరు తగ్గాక, నవంబరు చివరి నుంచి డిసెంబరు రెండో వారంలోపు వేయండి. ఇంకా ఆలస్యమైతే పూత మార్చి ఎండకు చిక్కి కాయలు తాలుపోతాయి.

కుండీ పది అంగుళాల లోతుండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, వర్మీ కంపోస్టు ఒకటి. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. నారు పోసి నాటే పని పెట్టుకోవద్దు. తల్లివేరు సన్నం, కదిపితే కోలుకోదు. మొక్కలు రెండంగుళాలు పెరిగాక మూడంగుళాలకొకటి ఉంచి, మిగతావి పీకకుండా కత్తెరతో కత్తిరించండి. యూరియా, పచ్చిపేడ వద్దే వద్దు. నత్రజని ఎక్కువైతే కాండం మెత్తబడి పక్కకు వాలుతుంది. ఎండ తక్కువైనా అంతే.

మీ మొలకలకు మట్టి దగ్గర కాండం దారంలా నొక్కుకుపోయి ఉంటే అది నారుకుళ్లు, అతి తడే దానికి అదను. పైమట్టి అంగుళం ఎండాకే నీళ్లు పోయండి. ఎదిగిన మొక్క తల వాల్చి ఎండితే ఎండు తెగులు. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ మట్టిలో మళ్లీ అవిసె వేయొద్దు.

ప్రశ్న: నీలి పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికే రేకులు రాలుస్తున్నాయి. మందు కొట్టాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు, దాని తీరే అది. రేకులు పోయిన చోట బఠాణీ గింజంత కాయ కడుతుంది. అయిదు గదులు, గదికి రెండు చొప్పున పది గింజల దాకా ఉంటాయి. మొగ్గలు విచ్చుకోకుండానే ఉబ్బి ఉంటే మాత్రం చీల్చి చూడండి. లోపల చిన్న పురుగుంటే మొగ్గ ఈగ పనే. అలాంటివి తుంచి కాల్చేయండి. కాయలు గోధుమరంగుకు వచ్చి, ఊపితే గలగలమన్నప్పుడు కోసుకోండి.

ప్రశ్న: పసుపు పూల అడవి అవిసె కొండల్లో ఉంటుందట. తవ్వి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉంది. లైనమ్ మైసూరెన్స్ అంటారు, దక్షిణాది గడ్డినేలల్లో పెరిగే చిన్న మొక్క. కానీ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం హద్దుల్లో ఏ మొక్కనూ పీకడానికి చట్టం ఒప్పుకోదు. పీకినా వేరు తెగి బతకదు. ఆన్‌లైన్‌లో అమ్మే బహువార్షిక నీలి అవిసె చలిదేశాలది, మన మే నెల ఎండకు నిలవదు. ఇక ఆకు కూరకు వాడే అవిసె చెట్టు చిక్కుడు కుటుంబానిది. నర్సరీలో ఒట్టి ‘అవిసె’ అని అడిగితే ఆ చెట్టే చేతికిస్తారు, ‘అవిసె గింజల మొక్క’ అని అడగండి.