సాలమన్ లోయ కవిత: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

కాన్సస్ రాష్ట్రంలోని స్మిత్ కౌంటీ మీద నువ్వు రాస్తున్న వ్యాసం చిత్తుప్రతి ఆసాంతం చదివాను. అమెరికాలో పిల్లల దగ్గరినుంచి ముసలివాళ్ల దాకా నోటికి వచ్చిన 'హోమ్ ఆన్ ద రేంజ్' పాట ఏ వాగు ఒడ్డున పుట్టిందో తెలుగు పాఠకులకు చూపించాలన్న నీ తలంపు నాకు ఎంతో నచ్చింది. అయితే పాటలో ఉన్నట్టే ఆ సీమ కూడా ఉండేదని నమ్మి రాశావు. స్థానిక చరిత్ర రాసేవారు కవితను నమ్మకూడదని నేను అనను. ఏ విషయంలో నమ్మాలో ముందుగా తేల్చుకోవాలంటాను.

బ్రూస్టర్ హిగ్లీ అనే వైద్యుడు 1871లో ఇండియానా నుంచి వచ్చి వెస్ట్ బీవర్ వాగు పక్కన స్థిరపడ్డాడు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల ప్రభుత్వ భూమిలో ఐదేళ్లు కాపురం ఉండి సాగు చేసినవారికి ఆ భూమి సొంతమయ్యేది. అక్కడ ఆయన రాసిన, ఆ పాటకు మూలమైన 'మై వెస్టర్న్ హోమ్' అనే కవితను 1873లో స్మిత్ కౌంటీ పయనీర్ పత్రిక, మరుసటి ఏడాది పొరుగు కౌంటీలోని కిర్విన్ చీఫ్ పత్రిక అచ్చువేశాయి. డాన్ కెల్లీ అనే వడ్రంగి దానికి బాణీ కట్టాడు. ఈ వివరాలన్నీ నీ వ్యాసంలో ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి. లేనిది ఆ మొదటి పాఠం. నువ్వు తీసుకున్నది తరువాతి కాలంలో జనం పాడుకున్న పాఠం.

మొదటి పాఠంలో, విశాలమైన పచ్చిక మైదానమని అర్థమిచ్చే 'రేంజ్' అన్న మాటే లేదు. సాలమన్ నది లోయ గాలి కావాలని, విషపు మొక్క దాదాపు కనబడని బీవర్ వాగు గట్టు కావాలని హిగ్లీ కోరుకుంటాడు. ఆ విషపు మొక్క దగ్గర కాసేపు ఆగు. పశువులు మేసే నేలను, మనుషులు పీల్చే గాలిని పరీక్షగా చూసే కన్ను అందులో నాకు కనబడుతుంది. ఇండియానా, ఒహాయో పల్లపు ప్రాంతాల్లో చలిజ్వరం ఇంటింటి రోగంగా ఉన్న రోజులవి. అక్కడినుంచి వచ్చిన వైద్యుడు గాలి స్వచ్ఛంగా ఉందని పొగిడితే దాన్ని వట్టి అలంకారంగా తీసిపారేయలేం. ఇలాంటి చోట కవితను పూర్తిగా నమ్మవచ్చు.

అదే కవితలో, మనసు కుంగదీసే మాట అక్కడ ఎప్పుడూ వినపడదన్న పాదం వేరు. 1873 శరత్తులో దేశమంతటా బ్యాంకులు కుప్పకూలాయి. 1874 వేసవిలో మిడతల దండు కాన్సస్ మీద వాలి, పైరుతో ఆగక, చెమట ఉప్పు పట్టిన పనిముట్ల కర్ర పిడులను, గుర్రాల తోలు పట్టెడలను కూడా కొరికేసింది. దిక్కుతోచని కుటుంబాలకు సైన్యం తన గిడ్డంగుల్లోని కోట్లు, బూట్లు పంచవలసి వచ్చింది. కాబట్టి ఆ పాదాన్ని ఊరి స్థితికి సాక్ష్యంగా తీసుకోకు. కొత్తగా కట్టుకున్న ఊరు చెదిరిపోకూడదని తపించినవారు ఏ మాట వినాలనుకున్నారో దానికి సాక్ష్యంగా తీసుకో. ఆ తపన కూడా చరిత్రే, నా దృష్టిలో చాలా విలువైన చరిత్ర.

పాట ఊరు దాటిపోగానే ఊరి పేర్లు రాలిపోయాయి. 1910లో జానపద గీతాల సేకర్త జాన్ లోమాక్స్ అచ్చువేసిన పాఠంలో సాలమన్ లేదు, బీవర్ ఉండవలసిన చోట రెడ్ రివర్ వచ్చి కూర్చుంది. అందువల్లనే 1934లో అరిజోనా దంపతులు పాట తమదంటూ 5 లక్షల డాలర్లకు దావా వేయగలిగారు. ప్రతివాదుల తరఫున శామ్యూల్ మోన్‌ఫెల్ట్ అనే న్యాయవాది ఊరూరా తిరిగి, పాత కాపులను విచారించి, దాన్ని తిరిగి స్మిత్ కౌంటీకి చేర్చాడు. నీ వ్యాసంలో ఆయనకు దక్కింది ఒక్క వాక్యం. నేనైతే రెండు పేజీలు ఇస్తాను, ఎందుకంటే స్థానిక చరిత్రకారుడు చేయవలసిన పనే ఆయన చేశాడు.

హిగ్లీ కవితలో ఖాళీగా కనబడే నేల నిజంగా ఖాళీ కాదు. ఆ లోయలో పానీలనే ఆదివాసులు తరతరాలుగా వేటాడారు. సాలమన్ ఒడ్డున ఉన్న వాకొండా ఊట వారికి పవిత్రం. కవిత అచ్చైన 1873లోనే, ఆగస్టు 5న, నెబ్రాస్కాలో రిపబ్లికన్ నది దగ్గర వేటకు వెళ్లిన పానీలు లకోటాలనే మరో ఆదివాసి జాతి చేతిలో ఊచకోతకు గురయ్యారు. ఆ తరువాత ఒకటి రెండేళ్లలోనే పానీ జాతి చాలా భాగం ఇండియన్ టెరిటరీకి, అంటే నేటి ఓక్లహోమాకు, తరలిపోయింది. ఊట ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. 1877లో కెంటకీ నుంచి వచ్చిన నల్లజాతివారు ఇదే నది దక్షిణ పాయ దగ్గర నికోడెమస్ అనే ఊరు స్థాపించి, తొలి చలికాలం నేలలో తవ్వుకున్న గుంట ఇళ్లలో గడిపారు. సాలమన్ లోయ అని రాస్తూ వీరిని వదిలేస్తే ఆ పేరుకు న్యాయం జరగదు.

ఇక నీ పని. కాన్సస్ పత్రికా సంపాదకులు 1875లో స్థాపించిన రాష్ట్ర చరిత్ర సంఘం టొపీకాలో పాత పత్రికలను భద్రపరిచింది. 1874 సంచికల్లో కవితల పక్కనున్న ధాన్యం ధరలు, అప్పుల ప్రకటనలు, పెళ్లివార్తలు కూడా చదువు. తరువాత అమెరికా జాతీయ అభిలేఖాగారంలోని హోమ్‌స్టెడ్ దస్త్రాలు తెప్పించుకో. తుది రుజువు పత్రంలో ఇల్లు ఎంత, దున్నిన నేల ఎంత అన్నది ఇరుగుపొరుగు సాక్షుల వాంగ్మూలంతో సహా ఉంటుంది. అవి చూశాక రెండో ప్రకరణం మళ్లీ రాసి పంపు. మొదటి ప్రకరణం ఇప్పుడే ముట్టుకోనక్కరలేదు, బీవర్ వాగు వర్ణన బాగుంది.