పెట్టె మీద 8, తెర మీద 16

ప్రశ్న: మా ప్రాసెసర్‌కి 8 కోర్లని పెట్టె మీద ఉంది. లినక్స్ మాత్రం 16 సీపీయూలు చూపిస్తోంది. నా ప్రోగ్రాంలో నాలుగు థ్రెడ్లున్నాయి (ఒకేసారి నడిచే నాలుగు పనులు). ప్రోగ్రాం ఏ సీపీయూల మీద నడవాలో చెప్పే టాస్క్‌సెట్ కమాండ్‌తో 0 నుంచి 3 దాకా సీపీయూలకు కట్టేస్తే నత్తనడక. మా స్నేహితుడి మెషీన్లో అవే నంబర్లిస్తే పరుగో పరుగు. అతనివీ 8 కోర్లే. ఎందుకిలా?

జవాబు: మీ కోర్లలో ఒక్కోదానికి రెండేసి హార్డ్‌వేర్ థ్రెడ్లున్నాయి, అంటే ఒక్కో కోర్ రెండు పనుల్ని ఒకేసారి నడపగలదు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఒక్కో హార్డ్‌వేర్ థ్రెడ్‌నీ ఒక సీపీయూగా లెక్కేస్తుంది, అందుకే 16. పెట్టె అబద్ధం చెప్పలేదు, లినక్సూ చెప్పలేదు.

అసలు తంటా నంబర్లతో. బూట్ అయిన సీపీయూకి 0 దక్కుతుంది. మిగతావాటికి సాధారణంగా ఫర్మ్‌వేర్ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) తన పట్టికలో రాసిన వరుసలోనే నంబర్లు పడతాయి. ఆ వరుస మెషీన్‌కీ మెషీన్‌కీ మారుతుంది. రోల్ నంబర్లు చూసి ఎవరు ఎవరితో ఒకే బెంచీ మీద కూర్చున్నారో చెప్పలేం కదా, ఇదీ అంతే. ఊహించడం మానేసి కెర్నెల్‌నే అడగండి. /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/టోపాలజీ డైరెక్టరీలో కోర్_సీపీయూస్_లిస్ట్ అనే ఫైలుంటుంది. పాత కెర్నెల్ అయితే థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్ అని వెతకండి. క్యాట్ కమాండ్‌తో ఆ ఫైలు చూస్తే ఒక్క ముక్క వస్తుంది. మీ మెషీన్లో అది 0-1 అయి ఉంటుందని నా అనుమానం. అంటే 0, 1 ఒకే కోర్‌లో ఉన్నాయి, 2, 3 ఇంకో కోర్‌లో. మీ నాలుగు థ్రెడ్లూ రెండే కోర్లలో ఇరుక్కుని, లెక్కలు చేసే యూనిట్ల కోసం, కోర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలైన ఎల్1, ఎల్2 క్యాష్‌ల కోసం కొట్టుకుంటున్నాయి. మీ స్నేహితుడి దగ్గర 0,8 అని వస్తుంది చూడండి. అక్కడ 0 నుంచి 3 దాకా నాలుగూ వేర్వేరు కోర్లు. మీరు 0,2,4,6 ఇచ్చి చూడండి.

పక్కనే చివర లిస్ట్ లేని కోర్_సీపీయూస్ ఫైలు కూడా ఉంటుంది. అందులో ఇదే సంగతి హెక్సాడెసిమల్ మాస్క్‌గా, అంటే ఒక్కో సీపీయూకి ఒక్కో బిట్ చొప్పున రాసిన సంఖ్యగా ఉంటుంది. 0,8 జంట అక్కడ 0101 అవుతుంది. మనుషులు చదవాల్సింది లిస్ట్ ఫైలే.

ఇదంతా కెర్నెల్‌కి ఎవరు చెప్పారంటే, ఎక్స్86లో ప్రాసెసరే చెబుతుంది. సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో అడిగితే, ఏపిక్ ఐడీలో (ప్రతి హార్డ్‌వేర్ థ్రెడ్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) ఏ బిట్లు థ్రెడ్‌వో, ఏవి కోర్‌వో, ఏవి ప్యాకేజీవో (సాకెట్లో కూర్చునే మొత్తం చిప్) తెలుస్తుంది. ఆర్మ్ మెషీన్లలో డివైస్ ట్రీనో, ఏసీపీఐలోని పీపీటీటీ పట్టికో (రెండూ కెర్నెల్‌కి హార్డ్‌వేర్ వివరాలిచ్చే పట్టికలే) ఈ పని చేస్తుంది. ఏ దారీ లేని చోట ప్యాకేజీ ఐడీ -1 అని కనిపిస్తుంది. కెర్నెల్ చేతులెత్తేసిందని దానర్థం.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. కోర్లు విడిగా ఉన్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఏఎండీ జెన్ 2 చిప్‌లలో నాలుగేసి కోర్లకు కలిపి ఒక ఎల్3 క్యాష్ ఉంటుంది. ఒకే డేటాను పంచుకునే థ్రెడ్లను అటు రెండు, ఇటు రెండు పడేస్తే మొదటికే మోసం. ఈ సంగతి టోపాలజీలో దొరకదు. సీపీయూ0 కింద క్యాష్/ఇండెక్స్3/షేర్డ్_సీపీయూ_లిస్ట్ చూడాలి. ఒక్కో ఫైలూ తెరిచే ఓపిక లేకపోతే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌కి -ఈ ఆప్షన్ ఇవ్వండి, అంతా ఒకే పట్టికగా వస్తుంది. నేను చేసేదీ అదే.

ప్రశ్న: మా సర్వర్లో కోర్ ఐడీలు 0 నుంచి 3 దాకా ఉన్నాయి, తర్వాత ఒక్కసారిగా 8కి దూకాయి. మధ్యలోవి పాడయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నిశ్చింతగా ఉండండి. కోర్ ఐడీ చాలావరకు హార్డ్‌వేర్ పెట్టుకున్న నంబరు, కెర్నెల్ పెట్టింది కాదు. అది వరుసగా ఉండాలన్న నియమమేమీ లేదు. నిజంగా కంగారు పడాల్సింది వేరే ఉంది: రెండు సాకెట్ల మెషీన్లో రెండు ప్యాకేజీల్లోనూ అవే కోర్ ఐడీలు ఉండొచ్చు. కోర్ ఐడీ ఒక్కటే పట్టుకుని లెక్కపెట్టే స్క్రిప్టు 16 కోర్ల సర్వర్‌ని 8 అని తేల్చేస్తుంది. అలాంటి స్క్రిప్టులు ఎన్నో నా చేతికొచ్చాయి, అన్నిట్లోనూ ఇదే బోల్తా. ఫిజికల్_ప్యాకేజ్_ఐడీ, డై_ఐడీ (ప్యాకేజీలోని సిలికాన్ ముక్క నంబరు), కోర్_ఐడీ మూడూ కలిపితేనే ఒక కోర్‌కి పూర్తి చిరునామా.

ప్రశ్న: ప్రోగ్రాంని విడిగా ఉంచి నడిపే కంటైనర్‌కి 2 సీపీయూల పరిమితి పెట్టాం. లోపల ప్రోగ్రాం మాత్రం 64 చూసి 64 థ్రెడ్లు పుట్టిస్తోంది. కెర్నెల్ తప్పా?

జవాబు: కాదు. సిస్ఎఫ్ఎస్‌లో (పైన చెప్పిన /సిస్ కింది ఫైళ్లు) కనిపించేది మెషీన్ స్వరూపం, మీకు ఇచ్చిన వాటా కాదు. వాటా సీగ్రూప్ లెక్క, అంటే ప్రోగ్రాంల గుంపులకు కెర్నెల్ వనరులు పంచే పద్ధతి. సీగ్రూప్ వెర్షన్ 2 అయితే సీపీయూ.మ్యాక్స్ ఫైల్లో 200000 100000 అని ఉంటుంది. ప్రతి 100000 మైక్రోసెకన్లకూ 200000 మైక్రోసెకన్ల సీపీయూ సమయం, అంటే రెండు సీపీయూల పని. ఆ రెండూ ఫలానా సీపీయూలే అని కాదు, 64లో ఎక్కడైనా నడవొచ్చు. ఫలానా నంబర్లకే కట్టేసి ఉంటే సీపీయూసెట్.సీపీయూస్.ఎఫెక్టివ్‌లో తెలుస్తుంది. థ్రెడ్ల సంఖ్యను ప్రోగ్రాం సెట్టింగుల్లో మీరే రాసి పెట్టండి.