మైసూరు యాత్రకు ఈఎంఐ కంటే ముందు చూడవలసిన లెక్క

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. దసరా సెలవుల్లో మా పెళ్లిరోజు వస్తోంది. మైసూరు ప్యాలెస్, జూ, రంగనతిట్టు పక్షుల కేంద్రం, కబిని సఫారీ కలిపి మూడు రోజుల ప్యాకేజీని ఒక ఏజెంటు రూ.46,000కు, ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాలు)పై ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డుపై రూ.28,000 బకాయి ఉంది, ప్రతి నెలా మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పక కట్టవలసిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాం. సేవింగ్స్ ఖాతాలో రూ.90,000 ఉన్నాయి. కార్డుకు కట్టింది కూడా పోను నెలకు రూ.8,000 మిగులుతుంది. ఈఎంఐ తీసుకోవాలా, పొదుపు నుంచి తీయాలా?

జవాబు: ఈ రెండూ వద్దు. మీ పొదుపులోంచి తీయవలసిన డబ్బు యాత్రకు కాదు, కార్డు బకాయికి.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే రూ.28,000పై రూ.980, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు రూ.1,156 అవుతుంది. మినిమమ్ డ్యూ 5 శాతం చొప్పున మీరు కడుతున్నది రూ.1,400 అయితే, అందులో అసలుకు జమయ్యేది రూ.244 మాత్రమే. సేవింగ్స్ ఖాతాలో నామమాత్రపు వడ్డీకి డబ్బు ఉంచి, మరోవైపు ఏడాదికి 42 శాతం వడ్డీ కట్టడంలో అర్థం లేదు. పైగా పాత బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు కనుక, ఆ కార్డుతో కొన్న రైలు టికెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నో కాస్ట్ ఈఎంఐ అన్నది కూడా పూర్తిగా ఉచితం కాదు. వడ్డీ మేరకు అమ్మకందారు ధర తగ్గించినా, ఆ వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీరే భరించాలి.

కాబట్టి ఈ నెలలోనే బకాయి మొత్తం తీర్చివేయండి. మిగిలే రూ.62,000 అత్యవసర నిధి. ఇద్దరి ఉద్యోగాలూ ప్రైవేటువే కనుక దానిని ముట్టుకోవద్దు. ఇకపై కార్డుకు కట్టే రూ.1,400 కూడా కలిసి నెలకు రూ.9,400 మిగులుతుంది. అందులో రూ.5,000 యాత్ర కోసం వేరే ఖాతాలో వేసి, మిగతాది అత్యవసర నిధికి చేర్చండి. ఆగస్టు నుంచి జనవరి వరకు వేస్తే రూ.30,000 అవుతుంది. ఫిబ్రవరిలో బయలుదేరవచ్చు.

దసరా వదులుకోవడం కష్టమే. జంబూ సవారీ (ఏనుగుల ఊరేగింపు), ప్రతి రాత్రీ వెలిగే ప్యాలెస్ ఫిబ్రవరిలో దొరకవు. అయితే ఆ పది రోజులు హోటళ్ల అద్దెలు బాగా పెరుగుతాయి. పైగా వర్షాకాలంలో కృష్ణరాజసాగర్ ఆనకట్ట నుంచి ఎక్కువ నీరు వదిలినప్పుడు రంగనతిట్టులో పడవలను ఆపేస్తారు. ఫిబ్రవరిలో ఆ ఇబ్బంది ఉండదు, వలస పక్షులు కూడా ఉంటాయి.

ప్యాకేజీ ధరను పెంచేది ప్రధానంగా కబిని రిసార్టు బస. అడవిలో పులి కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు (ఇచ్చిన ఏజెంటును మిగతా విషయాల్లోనూ నమ్మకండి), కనుక ఈసారికి దానిని వదిలేయమంటాను. 1892లో మొదలైన మైసూరు జూ, రంగనతిట్టు పడవ ప్రయాణం మీ ఇద్దరికీ చాలు. బండరాళ్లపై ఎండకాగుతున్న మొసళ్లను పడవలోంచి దగ్గరగా చూడవచ్చు, ఆ టికెట్టు రిసార్టు గది అద్దెతో పోలిస్తే చాలా తక్కువ.

శుక్రవారం సాయంత్రం కాచిగూడ నుంచి నేరుగా మైసూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం జూ, ఆదివారం ఉదయం రంగనతిట్టు, శ్రీరంగపట్నం చూసుకోవచ్చు. ప్యాలెస్ దీపాలంకరణ మామూలు రోజుల్లో ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాల్లో ఉంటుంది కనుక ఆ సాయంత్రం దానికి కేటాయించండి. సోమవారం తిరుగు ప్రయాణం. మంగళవారం జూకు సెలవు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబరులో రెండు వైపులా టికెట్లు తీసుకోండి, గదిని మాత్రం రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే షరతుపైనే బుక్ చేయండి. అప్పటికి బకాయి లేని కార్డు వాడినా ఇబ్బంది లేదు, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేట్లయితే.