ముఖం చెప్పకుండానే మనిషి ఎలా నిలబడతాడు?

ప్రశ్న: నా కథలో ముఖ్యపాత్ర చీపురుపల్లి వైపు పనిచేసే సర్వేయర్. అతని రూపం, ఇల్లు, చిన్నతనం చెప్పకపోతే పాత్ర తేలిపోతుందని మిత్రులు అంటున్నారు. కానీ కాఫ్కా ‘విచారణ’ నవలలో యోసెఫ్ కె.కి ఇంటిపేరు కూడా పూర్తిగా లేదు, అయినా మనసులోంచి పోడు. ఎలా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కాఫ్కా తన మనిషికి ముందు ఒక ఉద్యోగం ఇస్తాడు, తర్వాత ఊహించని ఇబ్బందిలో పడేస్తాడు, అప్పుడు అతని కంగారు దేని మీదకి పోతుందో చూస్తాడు. ‘రూపాంతరం’ (1915)లో గ్రెగర్ సామ్సా పురుగుగా మారి నిద్రలేస్తాడు కదా, అయినా అతని దిగులంతా ఐదు గంటల రైలు తప్పిపోయిందని, ఆఫీసు నుంచి మనిషి వస్తాడని, అమ్మానాన్నలు యజమానికి పడిన బాకీ తీరేదాకా ఉద్యోగం మానడానికి లేదని. ఆ రెండు మూడు పేజీల్లోనే అతని బతుకంతా తెలిసిపోతుంది.

యోసెఫ్ కె. బ్యాంకులో పెద్ద ఉద్యోగి. ముప్పయ్యో పుట్టినరోజు పొద్దున్నే అరెస్టు చేయడానికి వస్తే గుర్తింపు కాగితాల కోసం సొరుగంతా వెతుకుతాడు. ముందు సైకిల్ లైసెన్సు దొరుకుతుంది, అది మరీ చిన్నదనిపించి బర్త్ సర్టిఫికెట్ దాకా వెతుకుతాడు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే సరైన కాగితం చూపిస్తే గండం గడుస్తుందనే అతని నమ్మకం గురించి రచయిత ఒక్క ముక్క కూడా విడిగా చెప్పడు. చిన్న పాత్రలూ అంతే. బ్లాక్ అనే వ్యాపారి లాయరు మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు చూడండి, కేసు అతన్ని ఏం చేసిందో తెలియడానికి ఆ ఒక్క పని చాలు.

ఇంకో సంగతి, ‘కోట’ నవలని కాఫ్కా మొదట ‘నేను’ అంటూ రాశాడు, కొంత నడిచాక వెనక్కి వెళ్లి ఆ ‘నేను’లన్నీ కొట్టేసి ‘కె.’ (ఇతను యోసెఫ్ కె. కాదు, వేరే మనిషి) అని దిద్దాడు. అందుకే కథ ‘అతను’ అని నడుస్తున్నా అతనికి తెలియనిది మనకీ దాదాపు తెలియదు, అతని టెన్షన్ మనదైపోతుంది. ఆ కె. కూడా సర్వేయర్నని చెప్పుకున్నవాడే!

అలాగని ఇదొక్కటే దారి కాదు. మన కథారచయిత కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) మనుషులు ఊరు, భూమి, అప్పు లేకుండా నిలబడరు, వాళ్ల వెనకటి కథ తీసేస్తే అన్యాయం. మీ కథకి మాత్రం చిన్నతనం పేరాలు పక్కన పెట్టి చూడండి. రైతులు గట్టు మీద నిలదీసినప్పుడు మీ సర్వేయర్ చెయ్యి ముందు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) కాగితం మీదకి పోతుందా, ఫోన్ మీదకా? అక్కడి నుంచి మొదలుపెట్టండి.