మేకల దాణాలో ఆకు పొడులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాంసం కోసం ఇరవై మేకపోతులను కొట్టంలోనే ఉంచి పెంచుతున్నాను. ఒక్కోటి 20 కిలోలు ఉంటుంది. దాణాలో నేలవేము (చేదుగా ఉండే మందుమొక్క) ఆకు పొడి కలిపితే తొందరగా ఒళ్లు చేస్తాయంటున్నారు. ఎంత కలపాలి?

జవాబు: ముందు ఒక మాట, అసలు మేత సరిగా లేకపోతే ఏ ఆకు పొడీ మీ మేకలను లావు చేయదు. పచ్చిమేత, ఎండుమేత, దాణా మూడూ సరిపడా పెడుతుంటే అప్పుడు దీని గురించి ఆలోచించండి. నేలవేము మీద మేకల్లో చేసిన కొన్ని ప్రయోగాల్లో మేత తినడం, బరువు పెరగడం కొంత మెరుగుపడ్డాయి, కానీ అక్కడ వాడిన మోతాదు చాలా చిన్నది.

ఇక లెక్క. 20 కిలోల మేక రోజుకు తేమ తీసేసి చూస్తే 600 నుంచి 800 గ్రాముల మేత తింటుంది, ఆకు పొడి అందులో ఒక శాతం పెడదామనుకుంటే 6 నుంచి 8 గ్రాములు, అంతే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: వంద కిలోల దాణాలో కిలో పొడి కలిపేసి ఒక శాతం అయిపోయిందనుకుంటారు. మీరు మేకకు రోజుకు పెట్టే దాణా 250 గ్రాములే అయితే దానికి అందేది రెండున్నర గ్రాములే! 6 గ్రాములు అందాలంటే వంద కిలోలకు 2.4 కిలోలు కలపాలి. చెంచా కొలతలు వద్దు, తూకం వేయండి. మొదటి వారం సగమే కలపండి, ఎందుకంటే చేదుకి మూతి తిప్పుకుంటాయి, పైగా కడుపులోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడడానికి పది, పదిహేను రోజులు పడుతుంది.

పని చేస్తోందా లేదా అన్నది నోటిమాటతో తేల్చకండి. పది పోతులకు పెట్టి, మిగతా పదింటికి పెట్టకుండా, పదిహేను రోజులకోసారి పొద్దున్నే మేత వేయకముందు తూచి రాసుకోండి. రెండు నెలలయ్యాక తేడా లేకపోతే మానేయండి, మొహమాటం ఎందుకు.

ప్రశ్న: మునగాకు కూడా ఇంతే కొద్దిగా పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. మునగాకు మందు కంటే మేతకే దగ్గర. ఎండిన ఆకులో పాతిక శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది కాబట్టి దాణాలో వేసే నూనెగింజల చెక్కను కొంత తగ్గించి దీన్ని వేసుకోవచ్చు. కాకపోతే నాలుగు కిలోల పచ్చి ఆకు ఎండితే కిలో పొడి వస్తే గొప్ప. నీడలో, పలచగా పరిచి, చేత్తో నలిపితే గలగల పొడి అయ్యేదాకా ఆరబెట్టండి. తడి ఉండగా సంచిలో కట్టేస్తే బూజు పడుతుంది, బూజు పట్టినదాన్ని మళ్లీ ఎండబెట్టి పెట్టొద్దు, పారేయండి.

ప్రశ్న: వేపాకు పెడితే నట్టల (కడుపులో పురుగుల) మందు మానేయొచ్చా?

జవాబు: మానొద్దు. వేపాకైనా, టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువున్న వేరే ఆకులైనా నట్టల ఉధృతిని కొంత తగ్గించగలవు, పూర్తిగా వదిలించలేవు. ఆ టానిన్లే ఎక్కువైతే మేతలోని ప్రొటీన్‌ను బిగపట్టేసి ఆకలి చంపేస్తాయి. నట్టల సంగతి తెలియాలంటే మేక కింది కనురెప్ప కిందికి లాగి చూడండి: ఎర్రగా ఉంటే పర్లేదు, తెల్లగా పాలిపోయి ఉన్నా, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతున్నా కడుపులో రక్తం తాగే నట్టలు పెరిగి ఉండొచ్చు. ఆకుల దగ్గర ఆగకుండా పశువైద్యుడికి చూపించండి, పెంటికల పరీక్ష చేయించండి. పీపీఆర్ (మేకల ప్లేగు), చిటుకు రోగం టీకాలకు కూడా ఏ ఆకూ బదులు కాదు.

ప్రశ్న: చూడి మేకలకు నేలవేము, వేప పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. ఈ రెండింటికీ గర్భం మీద ప్రభావం ఉంటుందని జంతువుల్లో చేసిన పరిశీలనల్లో కనిపించింది. ఆ పొడి కలిపిన దాణాను వేరే డబ్బాలో పెట్టి గుర్తు రాసుకోండి, హడావుడిలో ఒకటి తీయబోయి ఒకటి తీస్తాం.