20 నుంచి 25 దాకా ఆరు నెట్‌వర్కులు ఒక్క రూట్‌లో ఎందుకు ఇమడవు?

గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు ఆరు షాపులు, వాటికి 172.16.20.0 నుంచి 172.16.25.0 దాకా ఆరు /24లు (ముందు 24 బిట్లు నెట్‌వర్కువి, అంటే మాస్కు 255.255.255.0). విజయవాడ హెడ్డాఫీసు సిస్కో రూటర్లో అన్నిటికీ కలిపి 172.16.20.0 255.255.248.0 అని ఒకే స్టాటిక్ రూట్ (చేత్తో రాసే దారి) కొడితే "ఇన్‌కన్సిస్టెంట్ అడ్రస్ అండ్ మాస్క్" (అడ్రస్‌కీ మాస్కుకీ పొంతన లేదు) అంటోందన్నారు.

రూటర్ మాటే కరెక్టు. ఆరింటికి ఎనిమిది సరిపోతాయని మీరు లెక్కేశారు గానీ, బ్లాకు ఎక్కడ మొదలవుతుందో చూడలేదు. మాస్కులో మూడో అంకె 248. 256లోంచి 248 తీస్తే 8. అంటే ఈ మాస్కు (/21) బ్లాకులు అడ్రస్ మూడో అంకెలో 0, 8, 16, 24 ఇలా ఎనిమిదో ఎక్కం మీదే మొదలవ్వాలి. 20 ఆ ఎక్కంలో లేదు. బిట్లలో రాస్తే 23 అంటే 00010111, 24 అంటే 00011000. మొదటి నాలుగు బిట్లే కలిశాయి. ముందున్న 172.16 తాలూకు 16 బిట్లతో కలిపితే 20. కాబట్టి ఒక్క రూటే కావాలంటే 172.16.16.0/20 ఇవ్వాలి. అది 16 నుంచి 31 దాకా అన్నిటినీ గుంటూరుకి పంపేస్తుంది, అందులో పది మీ షాపులవి కావు. నేనైతే ఆ పని చెయ్యను. రెండు రూట్లు రాసుకోండి:

172.16.20.0 255.255.252.0 (20–23)
172.16.24.0 255.255.254.0 (24–25)

ఈ మాస్కులు రూటింగ్ టేబుల్ వరకే. షాపుల్లో కంప్యూటర్లకు 255.255.255.0 అలాగే ఉంచండి. అక్కడా 252 పెడితే, పక్క షాపు అడ్రస్ తన లాన్‌లోనే ఉందనుకుని గేట్‌వేకి (లాన్ బయటికి దారైన రూటర్‌కి) పంపకుండా కంప్యూటర్ నేరుగా ఆర్ప్ (ఈ అడ్రస్ ఎవరిదని లాన్‌లో వేసే కేక) అడుగుతుంది. ప్రాక్సీ ఆర్ప్ (ఆ కేకకి రూటరే బదులివ్వడం) ఉన్న రూటరైతే పనిచేసినట్టే కనిపిస్తుంది, అదే ఇంకా ప్రమాదం. రూటర్ మార్చిన రోజున తెలుస్తుంది.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. షాపులన్నీ కలిసే గుంటూరు రూటర్‌కి డిఫాల్ట్ రూట్ (టేబుల్లో లేని అడ్రస్‌లకి వాడే దారి) విజయవాడ వైపే ఉంటుంది కదా. బ్రాడీపేట లైను తెగి 172.16.22.0/24 టేబుల్లోంచి పోయిందనుకోండి. విజయవాడ సమ్మరీ (పైన కలిపి రాసిన రూట్) చూసి ప్యాకెట్‌ని గుంటూరుకి పంపుతుంది, గుంటూరు డిఫాల్ట్ చూసి వెనక్కి తోస్తుంది. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా ఇదే తిరుగుడు. అందుకే గుంటూరు రూటర్లో ఆ రెండు సమ్మరీలకూ నల్ జీరో (వచ్చిన ప్యాకెట్‌ని పారేసే ఉత్తుత్తి పోర్టు) వైపు స్టాటిక్ రూట్లు వెయ్యాలి. లైను బాగున్నప్పుడు /24 రూటే గెలుస్తుంది, ఎందుకంటే పొడవైన మాస్కుకే ప్రాధాన్యం. ఈఐజీఆర్‌పీ, ఓఎస్‌పీఎఫ్‌లలో (రూటర్లు దారులు తమలో తాము చెప్పుకునే పద్ధతులు) సమ్మరీ ఇస్తే సిస్కో ఈ నల్ రూట్ తనే వేసుకుంటుంది. స్టాటిక్‌లో మీరే వెయ్యాలి.

వేశాక ఒక షాపు లైను తీసి, విజయవాడ నుంచి ఆ అడ్రస్‌కి ట్రేస్‌రూట్ (దారిలోని రూటర్లని వరసగా చూపే కమాండ్) కొట్టండి. రెండు రూటర్ల అడ్రస్‌లే మార్చి మార్చి వస్తుంటే నల్ రూట్ పడలేదని అర్థం.